కొత్త కిడ్నీతో మళ్లీ పనిలోకి...
మార్పిడి తరువాత ఎన్నాళ్లు ఆగాలి? ఏ పని చేయవచ్చు, ఏది మానాలి?

పలాస: కిడ్నీ మార్పిడి శస్త్రచికిత్స విజయవంతమైంది. రోగి ఇంటికి చేరాడు. చూడవచ్చిన బంధువులు తిరిగి వెళ్లారు. అప్పుడు ఆ ఇంట్లో మిగిలే ప్రశ్న ఒక్కటే. మళ్లీ పనికి వెళ్లేది ఎప్పుడు?

కార్యాలయంలో కుర్చీలో కూర్చునే ఉద్యోగికి ఈ ప్రశ్నకు సమాధానం సులభంగానే దొరుకుతుంది. జీడిపిక్కల బట్టీ వద్ద పనిచేసే కార్మికుడికి, కొబ్బరి చెట్టెక్కే కూలీకి, తెప్పపై సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుడికి అది అంత సులభంగా దొరకదు. తొందరపడి పనిలోకి దిగితే కుట్లు విడిపోవచ్చు, ఇన్ఫెక్షన్ సోకవచ్చు. భయపడి ఇంట్లోనే ఉండిపోతే కూలి డబ్బులు రావు, మందులు కొనలేరు. మందులు ఆగితే అమర్చిన కిడ్నీ నిలవదు. ఈ రెంటి మధ్య సరైన దారి ఏమిటన్నది శ్రీకాకుళం జిల్లాలోని కిడ్నీ బాధిత కుటుంబాలు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతం దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధితో పోరాడుతోంది. వ్యాధి బారిన పడుతున్న వారిలో అధికులు రెక్కల కష్టంపై బతికే రైతులు, కూలీలు, మత్స్యకారులే. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. చికిత్స గురించి ఈ ప్రాంతంలో చాలా చర్చ జరిగింది. చికిత్స తరువాతి జీవనోపాధి గురించి మాత్రం చర్చ తక్కువ.

వారంలో మూడు రోజులు తిరిగి వస్తాయి

డయాలసిస్ (రక్తశుద్ధి) చేయించుకునే రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలపాటు యంత్రానికి అతుక్కుని ఉండవలసి వస్తుంది. రానుపోను ప్రయాణం, ఆ తరువాత ఆవహించే నీరసం కలుపుకొంటే ఆ మూడు రోజులూ పనికి పోయినట్లే. మిగిలిన నాలుగు రోజుల కోసం కూలికి పిలిచేవారు అరుదు. నీళ్లు కూడా కొలత ప్రకారమే తాగాలి కనుక ఎండలో పని దుర్భరం. అందుకే డయాలసిస్ మొదలైన కొద్ది నెలలకే అనేకులు పూర్తిగా పనికి దూరమవుతారు.

మార్పిడి విజయవంతమైతే ఈ పరిస్థితి మారుతుంది. మూడు రోజులు తిరిగి చేతికి వస్తాయి. కిడ్నీ పనిచేయడం మొదలైన తరువాత రక్తహీనత క్రమంగా తగ్గుతుంది. ఆకలి పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది. అయితే ఏళ్ల తరబడి వ్యాధితో క్షీణించిన కండరాలు ఒక్కసారిగా బలపడవు. శస్త్రచికిత్స నాటికి రోగి ఎంత బలహీనంగా ఉన్నాడన్న దానిని బట్టి కోలుకునే కాలం మారుతుంది.

ఈ చికిత్స ఆరంభమే ఒక ఆశతో ముడిపడి ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో 1954 డిసెంబర్ 23న డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల మధ్య తొలిసారిగా విజయవంతంగా కిడ్నీ మార్పిడి చేసింది. ఇందుకు ముర్రే 1990లో నోబెల్ పురస్కారం అందుకున్నారు. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఆసుపత్రిలో జరిగిన మార్పిడి తొలి విజయంగా నమోదైంది. ప్రాణం నిలబెట్టడమే గొప్ప అనుకున్న ఆ రోజుల నుంచి, తిరిగి సంపాదించుకునే స్థితికి రోగిని చేర్చడమే లక్ష్యమన్న నేటి స్థితికి వైద్యం చేరుకుంది.

మంత్రికి మూడు నెలలు... మరి కూలీకి?

కేంద్ర ఆర్థిక మంత్రిగా ఉండగా అరుణ్ జైట్లీకి 2018 మే 14న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో కిడ్నీ మార్పిడి జరిగింది. ఆయన ఆగస్టు 23న తిరిగి శాఖ బాధ్యతలు స్వీకరించారు. అంటే మూడు నెలలు దాటిన తరువాతే. ఆ వ్యవధిలో శాఖ బాధ్యతలను పీయూష్ గోయల్ చూశారు. విదేశాంగ మంత్రిగా ఉండగా సుష్మా స్వరాజ్‌కు 2016 డిసెంబర్ 10న అదే ఆసుపత్రిలో మార్పిడి జరిగింది. ఆమె కూడా కోలుకుని పదవీ బాధ్యతల్లో కొనసాగారు. క్రొయేషియా ఫుట్‌బాల్ ఆటగాడు ఇవాన్ క్లాస్నిచ్‌కు 2007లో తల్లి ఇచ్చిన కిడ్నీ విఫలమైంది. తండ్రి ఇచ్చిన కిడ్నీతో కోలుకుని 2008 యూరో కప్ పోటీల్లో ఆడి గోల్స్ సాధించాడు.

శరీరం సహకరిస్తే కష్టమైన పని కూడా సాధ్యమేనని ఈ ఉదంతాలు చెబుతున్నాయి. కానీ సెలవులో ఉన్న మంత్రి శాఖను చూసేందుకు మరో మంత్రి ఉంటారు. ఆటగాడి వెంట వైద్య బృందం ఉంటుంది. రోజు కూలీ మంచాన ఉంటే ఆ పొలం పని మరొకరికి పోతుంది. కనుక గడువులను తెలుసుకుని, ఆ మేరకు ఇంటి ఖర్చులను ముందే సర్దుబాటు చేసుకోవడం అవసరం.

ఎన్నాళ్లు ఆగాలి?

వైద్యులు సాధారణంగా సూచించే గడువులు ఇలా ఉన్నాయి. వ్యక్తిని బట్టి, కిడ్నీ పనితీరును బట్టి వీటిలో మార్పు ఉంటుంది.

* మొదటి 6 నుంచి 8 వారాలు: విశ్రాంతి, నెమ్మదిగా నడక. అయిదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డను ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తాయి.

* 8 నుంచి 12 వారాలు: కూర్చుని చేసే పని, లెక్కలు రాయడం, దుకాణంలో గల్లా వద్ద కూర్చోవడం, కుట్టుపని వంటివి వైద్యుడి అనుమతితో ఆరంభించవచ్చు. తొలుత సగం పూట పనిచేయడం మేలు.

* 3 నుంచి 6 నెలలు: నిలబడి చేసే పని, తిరిగి చేసే పని, ఓ మోస్తరు శ్రమ. పరీక్షల ఫలితాలు నిలకడగా ఉంటేనే చేయాలి.

* 6 నెలలు దాటిన తరువాత: బరువు పనులకు అనుమతి అడగవచ్చు. అప్పటికీ కొన్ని పనులు మానుకోవలసిందే.

బరువు ఎత్తరాదనడానికి కారణం ఉంది. కొత్త కిడ్నీని పాత కిడ్నీల స్థానంలో, అంటే వీపు వైపు పక్కటెముకల చాటున అమర్చరు. పాతవాటిని చాలామందిలో అలాగే ఉంచి, కొత్తదానిని పొత్తికడుపులో ఒక పక్క, ఎక్కువగా కుడివైపున అమరుస్తారు. అక్కడ ఎముకల రక్షణ ఉండదు. పొత్తికడుపు కండరాలను కోసి కుట్టినందున అవి గట్టిపడేలోగా బస్తా ఎత్తితే వరిబీజం తరహాలో కోత వద్ద పేగు ఉబికే ప్రమాదం ఉంటుంది. గాయం పైకి మానినట్లు కనిపించినా లోపలి పొరలు గట్టిపడడానికి ఎక్కువ కాలం పడుతుంది.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో చాలామందికి చిన్న స్టెంట్ వేస్తారు. దానిని కొన్ని వారాల తరువాత తొలగిస్తారు. ఆ పని పూర్తి కాకుండానే ఊరు విడిచి దూరప్రాంతాలకు పనికి వెళ్లడం తగదు.

తొలి ఆరు నెలలే కీలకం

మన శరీరం పరాయి అవయవాన్ని శత్రువుగా భావించి దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు ఇస్తారు. ఈ మందులు శరీరంలోని రోగనిరోధక శక్తిని మొత్తంగా తగ్గిస్తాయి. అందువల్ల ఇతరులకు జలుబుతో పోయేది వీరికి న్యుమోనియాగా మారవచ్చు.

తొలి నెలలో శస్త్రచికిత్సకు సంబంధించిన ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ. ఒకటో నెల నుంచి ఆరో నెల వరకు మందుల మోతాదు అధికంగా ఉంటుంది కనుక అరుదైన వైరస్‌లు, ఫంగస్‌లు సైతం దాడి చేస్తాయి. ఆరు నెలల తరువాత మోతాదు తగ్గేకొద్దీ ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోదు. మన దేశంలో క్షయ ముప్పు అదనం. అందుకే వైద్యులు కష్టమైన పనికి ఆరు నెలల గడువు చెబుతారు. గాయం మానడం ఒక లెక్క, రోగనిరోధక శక్తి కుదుటపడడం మరో లెక్క. ఈ తేడా తెలియకనే చాలామంది ‘నొప్పి లేదు కదా’ అని పనిలోకి దిగుతారు.

పరీక్షల రోజులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొదటి నెలల్లో వారానికి ఒకటి రెండుసార్లు, ఆ తరువాత క్రమంగా పక్షానికి, నెలకు ఒకసారి రక్తపరీక్షలు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా చివరి గ్రామాల నుంచి మార్పిడి చేసిన ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందువల్ల తొలి మూడు నెలల్లో పనిలో చేరినా నెలలో కొన్ని రోజులు పోతాయన్నది యజమానికి ముందే తెలియజేయాలి.

ఏ పనికి ఏ జాగ్రత్త?

జీడి పరిశ్రమ: పిక్కలు ఉడికించే చోట పొగ, వేడి ఉంటాయి. పిక్కలు కొట్టే చోట జీడిసొన చేతులపై పడి చర్మం కాలుతుంది. చర్మం చిట్లితే అదే క్రిములకు ద్వారం. కనుక బట్టీ వద్ద, పిక్కలు కొట్టే చోట కాక పప్పు ఏరడం, రకాలుగా వేరు చేయడం, తూకం, ప్యాకింగ్ వంటి పనులు కోరుకోవడం మేలు.

వ్యవసాయం: మట్టిలో, కుళ్లిన ఆకులో, తడిసిన గడ్డిలో ఫంగస్ క్రిములు ఉంటాయి. వరి పొలంలోని బురదలో ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ఆరోగ్యవంతుడి కిడ్నీలనే దెబ్బతీస్తుంది. మార్పిడి చేయించుకున్నవారు మడిలోకి ఒట్టి కాళ్లతో దిగరాదు. బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. పెంటకుప్ప తిరగవేయడం, పాత గడ్డివామును దులపడం, పురుగుమందు పిచికారీ చేయడం ఇతరులకు అప్పగించాలి. నీరు కట్టడం, తోట కాపలా, కూలీల లెక్క చూడడం వంటివి చేయవచ్చు.

కొబ్బరి దింపు: చెట్టెక్కేటప్పుడు పొత్తికడుపు మానుకు రాసుకుంటుంది. జారితే దెబ్బ నేరుగా కొత్త కిడ్నీపై పడుతుంది. ఆరు నెలలు గడిచినా ఈ పనికి తిరిగి వెళ్లకపోవడమే క్షేమం. పీచు తీయడం, కాయల లెక్క, వ్యాపారం వంటి వాటికి మారాలి.

చేపల వేట: ఒకటి రెండు రోజులు సముద్రంలో ఉంటే జ్వరం వచ్చినా ఒడ్డుకు చేరేసరికి ఆలస్యమవుతుంది. వల లాగడం పొత్తికడుపుపై భారం. చేపల ముళ్లు గుచ్చుకుంటే పుండ్లు పడతాయి. ఒడ్డున వలల మరమ్మతు, అమ్మకం లెక్కలు చూసుకోవడం మేలు.

భవన నిర్మాణం: సిమెంటు ధూళి, పాత గోడలు పగలగొట్టినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వలస వెళ్లేవారు ఇరుకు గదుల్లో పదిమందితో కలిసి ఉండడం వల్ల క్షయ ముప్పు పెరుగుతుంది.

పశువులు, కోళ్లు: కోళ్ల షెడ్డు, పావురాల గూడు శుభ్రం చేయరాదు. పశువుల కాన్పు వద్ద ఒట్టి చేతులతో సాయపడరాదు. పచ్చిపాలు తాగరాదు.

డ్రైవింగ్: నాలుగు నుంచి ఆరు వారాల వరకు వాహనం నడపరాదు. టాక్రోలిమస్ వల్ల కొందరికి చేతులు వణుకుతాయి. వణుకు తగ్గిన తరువాతే స్టీరింగ్ పట్టాలి. సీటు బెల్టు పొత్తికడుపును నొక్కుతోందని దానిని మానేయడం సరికాదు. పలుచని మెత్తని గుడ్డ అడ్డు పెట్టుకుని బెల్టు ధరించాలి.

బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి: పిల్లల్లో తట్టు, ఆటలమ్మ వంటివి తరచూ కనిపిస్తాయి. అటువంటి పిల్లల దగ్గర మెలిగినట్లు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి. మార్పిడి చేయించుకున్నవారు సజీవ క్రిములతో తయారైన టీకాలు వేయించుకోరాదు. ఏ టీకాకైనా ముందు కిడ్నీ వైద్యుడిని అడగాలి.

డయాలసిస్ కోసం చేతికి వేసిన ఫిస్టులా మార్పిడి తరువాత కూడా ఉంటుంది. ఆ చేతితో బరువులు మోయడం, ఆ చేతికి బిగుతైన గాజులు, వాచీ ధరించడం, బీపీ చూపించుకోవడం, సూది వేయించుకోవడం మానాలి.

గడియారం తప్పని మాత్రలు

పనిలోకి వెళ్లిన తరువాత మొదట తప్పేది మాత్రల వేళ. టాక్రోలిమస్‌ను సాధారణంగా పన్నెండు గంటల తేడాతో రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఉదయం ఎనిమిదికి వేసుకుంటే రాత్రి ఎనిమిదికి మళ్లీ వేసుకోవాలి. పగటి షిఫ్టు అయినా, రాత్రి షిఫ్టు అయినా ఆ వేళ మారరాదు. షిఫ్టులు మారుతూ ఉండే ఉద్యోగాల్లో ఉన్నవారు పడుకునే వేళను మార్చుకోవాలి తప్ప మాత్రల వేళను మార్చుకోరాదు. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవడం తేలికైన ఉపాయం.

రక్తంలో ఈ మందు ఎంత ఉందో తెలుసుకునే పరీక్ష రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చిన తరువాత వేసుకోవాలి. ఉదయమే పనికి వెళ్లే తొందరలో మాత్ర వేసుకుని వెళితే పరీక్ష ఫలితం తప్పుగా వస్తుంది. దాని ఆధారంగా మోతాదు మారిస్తే ముప్పు.

మాత్రలను ఆటో డ్యాష్‌బోర్డులో, లారీ క్యాబిన్‌లో, ఎండపడే చోట ఉంచరాదు. రెండు రోజులకు సరిపడా మాత్రలు భోజనం సంచిలో అదనంగా ఉంచుకోవాలి. పంపరపనస పండు రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని పెంచే అవకాశం ఉంది కనుక దానిని మానాలి.

పనిచేసేవారు మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఒళ్లునొప్పుల మాత్రల గురించి. సాయంత్రం పని దిగి కిళ్లీ కొట్టులోనో, మందుల దుకాణంలోనో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని వేసుకోవడం కూలీలకు అలవాటు. ఇవి కిడ్నీకి రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఒక కిడ్నీపైనే ఆధారపడిన వారికి ఈ అలవాటు అత్యంత ప్రమాదకరం. నాటు మందులు, ఆకు పసర్లు, భస్మాలు కూడా వాడరాదు.

ఎండ, నీరు

డయాలసిస్ కాలంలో నీళ్లు తాగడానికి భయపడిన వారు మార్పిడి తరువాత తగినంత తాగాలి. చాలామందికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల వరకు సూచిస్తారు. కచ్చితమైన కొలత వైద్యుడే చెబుతాడు. ఎండలో పని చేస్తే ఇంకా ఎక్కువ అవసరం పడుతుంది. చెమటతో నీరు పోయి శరీరం ఎండిపోతే కిడ్నీకి రక్తం తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు అయినప్పుడు నీటితోపాటు మందు స్థాయి కూడా తలకిందులవుతుంది. పని చోట దొరికే నీళ్లు తాగకుండా ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు తీసుకువెళ్లడం ఉత్తమం.

వేసవిలో ఉదయం పది గంటలలోపు, సాయంత్రం నాలుగు తరువాత పనిచేసేలా వేళలు మార్చుకోవాలి. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో ఎండ వల్ల చర్మ కేన్సర్ ముప్పు పెరుగుతుంది. పొడుగు చేతుల చొక్కా, తలపాగా లేదా టోపీ ధరించాలి.

ఇంట్లో మరో రోగి... దాత

జీవించి ఉన్న దాత నుంచి కిడ్నీ తీసుకున్న కుటుంబాల్లో ఆపరేషన్ బల్ల ఎక్కేది ఒక్కరు కాదు, ఇద్దరు. మన దేశంలో దాతల్లో భార్యలు, తల్లులే అధికం. భర్తకు కిడ్నీ ఇచ్చిన భార్య కూడా కూలికి వెళ్లే మనిషే అయితే రెండు కూలి డబ్బులూ ఒకేసారి ఆగిపోతాయి. పైగా ఇంటికి వచ్చిన మరునాటి నుంచే ఆమె వంట, నీళ్లు, రోగి సేవ అన్నీ నెత్తిన వేసుకోవడం కద్దు.

దాత కూర్చుని చేసే పనికి నాలుగు నుంచి ఆరు వారాల్లోను, బరువు పనికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల తరువాతను వెళ్లవచ్చునని వైద్యులు చెబుతారు. అప్పటివరకు ఆమె కూడా బిందె ఎత్తరాదు. ఏటా ఒకసారి బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. నొప్పి మాత్రల నిషేధం దాతకు కూడా వర్తిస్తుంది.

అవయవ దాతలైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 42 రోజుల వరకు ప్రత్యేక సాధారణ సెలవు ఇస్తూ 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఉత్తర్వులు జారీ చేసింది. రోజు కూలి చేసే దాతకు అటువంటి అండ లేదు. శస్త్రచికిత్స తేదీ ఖరారు కాకముందే కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకు దారి చూసుకోవడం, సేవ చేసేందుకు మూడో మనిషిని పిలిపించుకోవడం అవసరం.

యజమానికి ఏం చెప్పాలి?

కిడ్నీ వ్యాధి అంటువ్యాధి కాదు. మార్పిడి చేయించుకున్న మనిషి పక్కన కూర్చుంటే ఎవరికీ ఏదీ సోకదు. వాస్తవానికి ఇతరుల నుంచి అతనికి సోకే ప్రమాదమే ఎక్కువ. ఈ విషయం తెలియక కొందరు యజమానులు వెనకాడతారు. మధ్యలో పడిపోతే నింద తమపైకి వస్తుందన్న భయం మరికొందరిది.

ఈ భయం పోవాలంటే ‘ఫిట్’ అన్న ఒక్క మాటతో ఉన్న ధ్రువపత్రం సరిపోదు. వైద్యుడి నుంచి తీసుకునే పత్రంలో ఈ అంశాలు ఉండేలా కోరాలి.

* ఏ తేదీ నుంచి పనిలో చేరవచ్చు
* రోజుకు ఎన్ని గంటలు, ఎంతకాలం పాటు
* ఎత్తదగిన బరువు ఎంత
* ధూళి, వేడి, రసాయనాలు, రాత్రి షిఫ్టు వంటి వాటిలో ఏవి మానాలి
* పరీక్షల కోసం నెలకు ఎన్ని రోజులు సెలవు అవసరం

ఇటువంటి పత్రం చూపితే అదే సంస్థలో తేలికైన పని అడగడానికి ఆధారం దొరుకుతుంది. తొలి నెల సగం పూట, రెండో నెల ముప్పావు పూట, ఆ తరువాత పూర్తి పూట అన్న ఒప్పందం ఇద్దరికీ క్షేమకరం. జబ్బును దాచి బరువు పనిలో చేరడం కన్నా చెప్పి తక్కువ కూలికైనా తేలిక పనిలో చేరడం మేలు.

ఆర్థిక అండ ఎక్కడ?

ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు భత్యం లభిస్తుంది. దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఈఎస్ఐ గుర్తించిన దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. రెండేళ్ల నిరంతర ఉద్యోగం, నిర్ణీత చందా ఉన్నవారికి 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు భత్యం పొందే వీలుంది. నెల వేతనం రూ.21,000 లోపు ఉన్నవారికి 2017 నుంచి ఈ పథకం వర్తిస్తోంది. చీటీపై పేరు రాసుకుని పనిచేసే కార్మికులు తమ పేరిట ఈఎస్ఐ చందా కడుతున్నారో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోవాలి. భవిష్యనిధి ఖాతా ఉన్నవారు అనారోగ్యం కారణంగా కొంత సొమ్ము తీసుకోవచ్చు.

ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఇది ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో అమలవుతోంది. కిడ్నీ మార్పిడి ఈ పథకం చికిత్సల్లో ఉంది. మార్పిడి తరువాతి మందులు ఎంతవరకు పథకం కింద వస్తాయో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ఇంటికి బయలుదేరకముందే అడిగి రాయించుకోవాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్న వారికి ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే సామాజిక పింఛనును 2024 జులై నుంచి నెలకు రూ.10,000కు పెంచారు. పనిలో చేరితే పింఛను పోతుందన్న భయంతో కొందరు అవకాశాలను వదులుకుంటారు. వదంతులు నమ్మకుండా నియమాలను మండల పరిషత్ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతే నిర్ణయం తీసుకోవాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కిడ్నీ వ్యాధి వాటిలో లేదు. అందువల్ల ఆ చట్టం కింద ఉద్యోగాల్లో లభించే రిజర్వేషన్, ఉద్యోగ రక్షణ కేవలం మార్పిడి చేయించుకున్నారన్న కారణంతో వీరికి దక్కవు. తిరిగి పని సంపాదించుకోవడం ఎక్కువగా యజమాని సహృదయతపైనే ఆధారపడి ఉండడం ఇందువల్లనే.

పనికి పంపని ప్రేమ

ఆరు నెలలు గడిచి, పరీక్షలన్నీ బాగుండి, వైద్యుడు అనుమతించినా కొందరు గడప దాటరు. ‘నీవు కూర్చుంటే చాలు, మేము పెడతాం’ అనే కుటుంబ సభ్యుల మాటలో ప్రేమ ఉంది. కానీ నలభై ఏళ్లకే అరుగుకు పరిమితమైన మనిషి క్రమంగా కుంగిపోతాడు. స్టెరాయిడ్ మందుల వల్ల ఆకలి పెరిగి, కదలిక లేక బరువు పెరిగి, చక్కెర వ్యాధి తోడయ్యే ప్రమాదం కూడా ఉంది. తగిన పని అతనికి కూలి డబ్బులతోపాటు కదలికను, పదిమందిలో గౌరవాన్ని తిరిగి ఇస్తుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతోంది. పనిలో చేరి, ఒళ్లు కుదుటపడి, ‘ఇక నాకేమీ లేదు’ అనుకుని మాత్రలు తగ్గించేవారు ఉన్నారు. అమర్చిన కిడ్నీ పదేళ్లు, పదిహేనేళ్లు, కొందరిలో అంతకుమించి పనిచేస్తుంది. అది ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది చాలావరకు మాత్రల క్రమంపైనే ఆధారపడి ఉంటుంది. మందు ఆగినప్పుడు శరీరం చేసే దాడి మొదట్లో నొప్పి కలిగించదు. క్రియాటినిన్ పరీక్షలోనే బయటపడుతుంది. తెలిసేసరికి ఆలస్యం కావచ్చు.

ఇవి కనిపిస్తే పని ఆపాలి

* 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకుమించి జ్వరం
* మూత్రం తగ్గడం, మూత్రంలో రక్తం, మంట
* కాళ్ల వాపు, ఒకటి రెండు రోజుల్లోనే బరువు పెరగడం
* కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి, వాపు
* ఆగని దగ్గు, ఆయాసం
* మాత్రలు నిలవనంతగా వాంతులు, విరేచనాలు

వీటిలో ఏది కనిపించినా ‘ఈ పూట పని ముగించుకుని వెళదాం’ అనుకోరాదు. మార్పిడి చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేయాలి. ఊళ్లోని ఆర్ఎంపీ వద్ద సూది వేయించుకుని మరునాడు పనికి వెళ్లడం వల్ల విలువైన సమయం పోతుంది. ఆ ఫోన్ నంబరు, వాడుతున్న మందుల పేర్లు, మార్పిడి జరిగిన తేదీ ఒక కాగితంపై రాసి జేబులో ఉంచుకోవాలి. పనిచోట తోటివారిలో కనీసం ఒకరికి ఆ కాగితం సంగతి తెలియాలి.

కిడ్నీ ఇచ్చిన వారు, శస్త్రచికిత్స చేసిన వారు తమ వంతు పూర్తిచేశారు. రోగి తన కాళ్లపై తాను నిలబడే పని దొరకడం ఊరివారి చేతిలో, యజమాని చేతిలో ఉంది. బస్తా మోయలేని మనిషికి తూకం చూసే పని, చెట్టెక్కలేని మనిషికి కాయలు లెక్కించే పని ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. అటువంటి పనిలో వచ్చే కూలి డబ్బులే మరుసటి నెల మాత్రలకు ఆధారం. ఆ మాత్రలు ఉంటేనే కొత్త కిడ్నీ నిలుస్తుంది.